డిస్లెక్సియా ఉన్నవాళ్ళు తేలిగ్గా చదవగలిగే తెలుగు ఫాంట్ చేయడం ఎలా: మొదటి గీత నుంచి టెస్టింగ్ దాకా

ముందు నా ఫెయిల్యూర్ చెప్పేస్తా, అప్పుడు మిగతాదంతా ఎందుకిలా చెప్తున్నానో అర్థమవుతుంది. ఇంగ్లీషులో డిస్లెక్సియా (తెలివికి లోటు లేకపోయినా చదవడం కష్టమయ్యే ఇబ్బంది) కోసమని వచ్చిన ఫాంట్లు కొన్ని ఉన్నాయి. 2008లో క్రిస్టియాన్ బూర్ అనే డచ్ డిజైనర్ చేసిన డిస్లెక్సీ, 2011లో అబెలార్డో గొన్సాలెజ్ ఫ్రీగా ఇచ్చిన ఓపెన్ డిస్లెక్సిక్, ఇలాంటివి. వాటిల్లో అక్షరాల అడుగుభాగం లావుగా ఉంటుంది. అదే ట్రిక్కు తెలుగులో పెట్టేద్దామని రెండు నెలలు రాత్రుళ్ళు కూర్చుని గీశా. మొత్తం అయ్యాక స్త్రీ అని టైప్ చేసి చూస్తే అక్షరం కింద ఇంకు ఒలికినట్టుంది. అడుగు లావు, దాని కింద ఒత్తు లావు, దాని పక్కన ఇంకో ఒత్తు లావు, ఏది ఏదో నాకే తెలియలేదు, ఇంక చదవడానికే కష్టపడే పిల్లాడికేం తెలుస్తుంది.

తప్పెక్కడంటే, ఆ ట్రిక్కు ఏ సమస్య కోసం పుట్టిందో నేను ఆలోచించలేదు. ఇంగ్లీషు చిన్నక్షరాల్లో బీ, డీ, పీ, క్యూ నాలుగూ ఒకే బొమ్మ, అటూ ఇటూ తిప్పినవి అంతే. అడుగు బరువుగా ఉంటే అక్షరం ఎటువైపు నిలబడిందో గుర్తుంటుంది అని వాళ్ళ లాజిక్. తెలుగులో అలా తిరగేస్తే ఇంకో అక్షరమైపోయే జంటలు దాదాపు లేవు. మన గొడవంతా వేరు. మనకి తేడా ఒక చిన్న చుక్కలో, ఒక చిన్న గీతలో, ఒక మెలికలో ఉంటుంది, ఆ చిన్నది కనపడకపోతే మాటే మారిపోతుంది. కాబట్టి ఈ గైడ్ మొత్తం ఒకే పని చుట్టూ తిరుగుతుంది: తేడా ఎక్కడుందో అక్కడ సైజూ ఖాళీ పెట్టడం, మిగతాచోట్ల అక్షరాన్ని దాని మానాన వదిలేయడం.

స్టెప్ 0: ఫాంట్ ఏం చేయగలదు, ఏం చేయలేదు

డిస్లెక్సియా కంటి జబ్బు కాదు. అక్షరాలు గెంతుతున్నట్టు కనిపిస్తాయని కొందరు చెప్తారు గానీ, ఎక్కువమందిలో అసలు ఇబ్బంది అక్షరానికీ శబ్దానికీ మధ్య లింకు త్వరగా పడకపోవడం. తెలివితేటలకీ దీనికీ సంబంధం లేదు. కాబట్టి ఏ ఫాంటూ డిస్లెక్సియాని పోగొట్టదు, ఎవరైనా అలా అమ్ముతుంటే నమ్మకండి. ఫాంట్ చేసేదల్లా చదివేవాడి మీద అనవసరంగా పడే బరువు కొంచెం దించడం. ఆల్రెడీ శబ్దం పట్టుకోవడానికే తిప్పలు పడుతున్న మనిషికి, ఇది ప నా వ నా అనే ఇంకో డౌటు లేకుండా చేయడం.

స్పెషల్ ఫాంట్ల మీద జరిగిన స్టడీలు చూస్తే కొంచెం నిరాశగానే ఉంటుంది, కానీ పనికొచ్చే నిరాశ. 2013లో లుస్ రెయ్యో, రికార్డో బాయెసా-యేట్స్ డిస్లెక్సియా ఉన్న 48 మందితో రకరకాల ఫాంట్లు చదివించారు, ఓపెన్ డిస్లెక్సిక్ వల్ల వేగం పెరగలేదు, మామూలు హెల్వెటికా, వెర్డానా, ఏరియల్ లాంటివే బాగా పనిచేశాయి, వాలు అక్షరాలు (ఇటాలిక్స్) మాత్రం ఇబ్బంది పెట్టాయి. 2016లో వచ్చిన ఇంకో స్టడీ నాకు అన్నిటికన్నా ఇష్టం. చదవడంలో వెనకబడ్డ 39 మంది పిల్లలు డిస్లెక్సీ ఫాంటులో ఏరియల్ కన్నా నిమిషానికి 7 శాతం ఎక్కువ మాటలు చదివారు. హమ్మయ్య అనుకునేలోపు, ఏరియల్‌లో కూడా అక్షరాల మధ్య, మాటల మధ్య అంతే ఖాళీ పెట్టి చదివిస్తే ఆ తేడా కాస్తా పోయింది. అంటే పనిచేసింది అక్షరాల ఆకారం కాదు, ఖాళీ.

ఖాళీ గురించి గట్టి ఆధారం 2012లో మార్కో జోర్జీ టీమ్ చేసిన పని. ఇటాలియన్, ఫ్రెంచ్ పిల్లలు, 14 పాయింట్ల టైమ్స్ అక్షరాలు, వాటి మధ్య 2.5 పాయింట్లు అదనంగా ఖాళీ. డిస్లెక్సియా ఉన్న పిల్లల తప్పులు సగానికి తగ్గాయి, వేగం సుమారు 20 శాతం పెరిగింది, ఏ ట్రైనింగూ లేకుండా, అక్కడికక్కడే. దీని వెనక కారణాన్ని క్రౌడింగ్ అంటారు. పక్కపక్కన కిక్కిరిసి ఉన్నప్పుడు మధ్య అక్షరాన్ని వాటి నుంచి విడదీసి గుర్తుపట్టలేకపోవడం. ఇది అందరికీ ఉంటుంది, డిస్లెక్సియా ఉన్న కొంతమందికి ఎక్కువుంటుంది.

ఇవన్నీ లాటిన్ లిపి మీద చేసినవి, ఆ నంబర్లు యథాతథంగా తెలుగుకి అంటగట్టకూడదు. మన లిపిలో కిక్కిరిసిపోవడం పక్కలకే కాదు, పైకీ కిందకీ కూడా ఉంటుంది.

స్టెప్ 1: పొరపాటు పడే జంటల లిస్టు రాసుకోండి

సాఫ్ట్‌వేర్ తెరవకండి ఇంకా. ఒక నోట్‌బుక్కు తీసుకుని, చదవడం కష్టమయ్యే ఇద్దరు ముగ్గురి పక్కన కూర్చుని, వాళ్ళు గట్టిగా చదువుతుంటే ఏ అక్షరాన్ని ఏదనుకున్నారో రాసుకోండి. దిద్దకండి, ఊరికే రాసుకోండి. మా అక్క కొడుకు పక్కన ఓ గంట కూర్చుంటే నా లిస్టు మూడొంతులు అయిపోయింది. మధ్యలో ఒకసారి ఆగి "మావయ్యా, ఇది పంటా వంటా?" అన్నాడు. నేను చూశా. నిజంగానే ఆ ప్రింటులో తేడా వెంట్రుకవాసి.

మీ లిస్టులో దాదాపు ఖచ్చితంగా వచ్చేవి ఇవి. ప, వ (పంట-వంట, పాలు-వాలు, పాడు-వాడు, అన్నీ నిజం మాటలే కాబట్టి అర్థాన్ని బట్టి దిద్దుకునే ఛాన్స్ కూడా తక్కువ). ప, ష, ఫ. మ, య, రెండూ ఒకేలాంటి తోకతో ముగుస్తాయి. ద, ధ, థ మూడూ ఒకే ఇంటివాళ్ళు. డ, ఢ. చ, ఛ. బ, భ. తలకట్టు చెరిగిపోతే ర కాస్తా సున్న అయిపోతుంది, లోపల చుక్క కనబడకపోతే ఠ కాస్తా ర అయిపోతుంది. ఇక దీర్ఘాలు ఓ పెద్ద గుంపు: నెల-నేల, మెడ-మేడ, కొన-కోన.

ఇక్కడో పిట్టకథ. వకి మామూలుగా పక్కన కొమ్ము తగిలిస్తే అది మలా కనబడుతుంది. అందుకే వు, పు రాసేటప్పుడు కొమ్ము పక్కనుంచి కాకుండా కిందనుంచి వస్తుంది. డిస్లెక్సియా అనే మాట పుట్టకముందే మన రాయసగాళ్ళు ఈ పని చేసి పెట్టారన్నమాట. నేను చేయమంటున్నది వాళ్ళు మొదలెట్టిందే, కొంచెం ముందుకి.

లిస్టుని రెండుగా విడగొట్టండి. చూడటానికి దగ్గరగా ఉండి పొరబడేవి ఒకవైపు, వినడానికి దగ్గరగా ఉండి పొరబడేవి ఇంకోవైపు. ద-ధ రెండిట్లోనూ వస్తుంది, ఎందుకంటే మాట్లాడేటప్పుడు చాలామంది ఒత్తు పలకరు. శ-స లాంటివి మీ ఫాంట్ పని కాదు, అవి చూపుకి వేరుగానే ఉన్నాయి, వదిలేయండి.

స్టెప్ 2: కొత్తగా గీయాలా, ఉన్నదాన్ని మార్చాలా

నా సలహా, మొదటిసారైతే ఉన్నదాన్ని మార్చండి. తెలుగు ఫాంట్ అంటే గుణింతాలు, ఒత్తులు, వాటి కాంబినేషన్లు కలిపి వందల బొమ్మలు, మొదటి నుంచీ గీస్తే ఏడాది ఎటుపోతుందో తెలియదు. నోటో శాన్స్ తెలుగు, అనెక్ తెలుగు, మండలి లాంటివి ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అదే లైసెన్స్ కిందే మళ్ళీ ఇవ్వాలి, ఫాంటుని విడిగా అమ్మకూడదు, పాత పేరు రిజర్వ్ చేసుంటే మీ వెర్షన్‌కి ఆ పేరు వాడకూడదు. లైసెన్స్ ఫైల్ ఒకసారి చదవండి, పొడుగేం కాదు.

ఎంచుకునేటప్పుడు గీత మందం అంతటా దాదాపు ఒకేలా ఉన్నదాన్ని తీసుకోండి. సన్నం లావు ఎక్కువ మారే ఫాంట్లు హెడ్డింగులకి అందంగా ఉంటాయి గానీ, వాటిల్లో సన్నబడే చోటే చాలాసార్లు అక్షరాన్ని గుర్తుపట్టే చోటు.

ఫాంట్ గీసే సాఫ్ట్‌వేర్ ఏదైనా పర్లేదు. ఫాంట్‌ఫోర్జ్ ఫ్రీ, కొంచెం మొండిది. మ్యాక్ ఉంటే గ్లిఫ్స్ హాయి. ఫాంట్‌ల్యాబ్ కూడా ఓకే.

స్టెప్ 3: పిక్సెల్ లెక్క

ఇది బోర్ అనిపించినా దాటేయకండి, అసలు సరుకంతా ఇక్కడే ఉంది. ఫాంట్ సాధారణంగా 1000 యూనిట్ల చతురస్రంలో గీస్తాం. మామూలు స్క్రీన్ మీద 16 పిక్సెళ్ళ సైజులో చూపిస్తే ఒక పిక్సెల్ అంటే 1000 భాగించు 16, సుమారు 62 యూనిట్లు. అంటే మీరు 40 యూనిట్ల ఖాళీ వదిలితే అది ఒక్క పిక్సెల్ కూడా కాదు, బూడిదరంగు మసకైపోతుంది. మంచి ఫోన్ స్క్రీన్ల మీద దీనికి రెట్టింపో మూడింతలో పిక్సెళ్ళుంటాయి నిజమే, కానీ పాత ల్యాప్‌టాప్, చౌక ప్రింటర్, జిరాక్సుకి జిరాక్సు తీసిన కాయితం, పిల్లలు చదివేది తరచుగా వాటి మీదే. అందుకని నేను పెట్టుకున్న రూల్: అక్షరాన్ని గుర్తుపట్టడానికి అవసరమైన ఏ ఖాళీ అయినా, ఏ గీత అయినా, 62 యూనిట్లకి తగ్గకూడదు. వీలైతే 75.

ఇప్పుడు ప మీద చూద్దాం. ప, ఫ, ష, స, హ, ఘ వీటిల్లో తలకట్టు ఒంటికి అంటుకోకుండా విడిగా ఉంటుంది. వ తలకట్టు అంటుకుని ఉంటుంది, పైగా ఎడమభాగం పైదాకా వెళ్ళి కలిసిపోతుంది. అంటే పకీ వకీ తేడా ఆ సందులో ఉంది. నేను మార్చడానికి తీసుకున్న ఫాంటులో ఆ సందు కొలిస్తే 38 యూనిట్లు. మా అక్క కొడుకు తప్పేం లేదు! తలకట్టుని కొంచెం పైకీ కుడికీ జరిపి, సందు 80 చేశా, ప ఎడమభాగాన్ని పైన ఇంకొంచెం విప్పా, వలో ఎడమ సున్నని గుండ్రంగా నిండుగా మూసేశా. ఒకటి తెరుచుకుంది, ఒకటి మూసుకుంది. మధ్యలో ఉండే ఆకారం ఏదీ ఉండకూడదు, తెరిచినట్టూ మూసినట్టూ కనబడేది అన్నిటికన్నా ప్రమాదం.

థ, ఠ లోపలి చుక్క: వ్యాసం 110 నుంచి 130 దాకా, చుట్టూ కనీసం 65 ఖాళీ. చుక్క పెంచితే సున్న కూడా పెద్దది చేయాల్సొస్తుంది, చేయండి, అక్షరం వెడల్పైతే కొంపలేం మునగవు. ధ, ఢ, ఛ, భ కింద ఉండే చిన్న నిలువు గీతని చాలా ఫాంట్లలో దిష్టిచుక్కలా పెడతారు. దాన్ని పొడిగించండి, బేస్‌లైన్ (అక్షరాలు నిలబడే గీత) కిందకి స్పష్టంగా దిగేలా, కనీసం 120 యూనిట్లు. భకి ఇంకో అదృష్టం ఉంది, బకి లేని తలకట్టు దానికుంది, ఆ తలకట్టుని బాగా కనపడేలా పెడితే రెండు ఆధారాలు దొరుకుతాయి.

మ, య విషయంలో తోకలు మార్చాలని చూడకండి, నేను చూశా, వింతగా తయారయ్యాయి. తేడా ఎడమవైపు ఉంది, కాబట్టి ఎడమభాగాన్ని పెద్దది చేసి తోక వెడల్పు కొంచెం తగ్గించండి, కన్ను ముందు ఎడమవైపే పడేలా.

ఎంత మార్చినా ఒక హద్దు పెట్టుకోండి. మార్చిన అక్షరాన్ని అలవాటున్న పాఠకుడికి విడిగా చూపిస్తే టక్కున చెప్పాలి. ఒక్క సెకను ఆగినా వెనక్కి తీసుకోండి. పుస్తకాల్లో, బోర్డుల మీద, పరీక్ష పేపర్లలో వాళ్ళు చూసేది మామూలు ప, మీ ఫాంటులో మాత్రం ఇంకో రకం ప అయితే వాళ్ళకి నేర్చుకోవాల్సినవి తగ్గలేదు, పెరిగాయి.

స్టెప్ 4: గుణింతాలు, ముఖ్యంగా దీర్ఘాలు

గుడికీ గుడిదీర్ఘానికీ, ఎత్వానికీ ఏత్వానికీ, ఒత్వానికీ ఓత్వానికీ తేడా చివర్లో చిన్న మెలిక. ఆ మెలిక చాలా ఫాంట్లలో సిగ్గుపడుతున్నట్టు ఉంటుంది. దాన్ని మామూలు కన్నా మూడోవంతు పెంచండి, లోపలి ఖాళీ 62 నియమం ఇక్కడా వర్తిస్తుంది. కి, కీ పక్కపక్కన పెట్టి, స్క్రీన్‌కి ఆరడుగుల దూరం వెళ్ళి చూడండి, కనపడకపోతే ఇంకా పెంచండి.

ఇంకో సంగతి, అదే గుర్తు అన్ని అక్షరాల మీదా ఒకే ఎత్తులో, ఒకే ఆకారంలో ఉండాలి. డిజైనర్లకి ఒక్కో అక్షరానికి తగ్గట్టు గుడిని ముద్దుగా వంచడం ఇష్టం (నాకూ ఇష్టమే). కానీ ఒకసారి నేర్చుకున్న గుర్తు ప్రతిచోటా అదే రూపంలో కనబడితే నేర్చుకునేవాడికి పని తగ్గుతుంది. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధనల్లో, మనలాంటి లిపిలో అక్షరాలన్నీ పట్టుబడటానికి ఏళ్ళు పడుతుందని, పిల్లలు 4, 5 తరగతుల్లో కూడా ఇంకా నేర్చుకుంటూనే ఉంటారని తేలింది. ఆల్ఫాబెట్ 26తో అయిపోయే వ్యవహారం కాదు మనది. మా, యా, హా లాంటి సంప్రదాయ రూపాలని మాత్రం అలాగే ఉంచండి, బడిలో నేర్పేది అదే కదా.

స్టెప్ 5: ఒత్తులు (టైమంతా తినేది ఇదే)

చాలా ఫాంట్లలో ఒత్తు అంటే అసలు అక్షరాన్ని 55, 60 శాతానికి కుదించి కింద పెట్టడం. కుదిస్తే గీత కూడా కుదించుకుపోతుంది. 80 యూనిట్ల గీత 60 శాతానికి 48 అయింది, అంటే పిక్సెల్ కన్నా తక్కువ, అంటే మాయం. కాబట్టి కుదించిన తర్వాత గీతని మళ్ళీ 68, 72 దాకా లావు చేసుకుంటూ చేత్తో దిద్దాలి, లోపలి ఖాళీలు మూసుకుపోకుండా కొంచెం వెడల్పు పెంచాలి. షార్ట్‌కట్ లేదు, నేను వెతికా.

ఇంకో మెలిక ఉంది. ఒత్తుల్లో తలకట్టు ఉండదు. ఇందాక పకీ వకీ మధ్య సందు తెచ్చి పెట్టుకున్నాం కదా, ఒత్తుగా మారేసరికి ఆ సందు ఎగిరిపోతుంది. తప్పు, తవ్వు రెండూ పక్కపక్కన టైప్ చేయండి. పైన కూడా ప-వ, కింద కూడా ప-వ. కింద తేడా అంతా ఎడమభాగం తెరిచి ఉందా మూసి ఉందా అన్నదాని మీదే ఆధారపడుతుంది. అందుకని ప ఒత్తుని పైన బాగా నోరు తెరిచినట్టు గీయండి, అసలు ప కన్నా కూడా ఎక్కువ. అలాగే బుద్ధిలో ధ ఒత్తు కింది గీత, నిఘంటువు తిరగేసేవాళ్ళకి తప్ప ఎవరికీ కనపడనట్టు ఉంటుంది, దానికి కూడా కనీసం 70 యూనిట్ల పొడవు ఇవ్వండి.

ర ఒత్తు కొన్ని ఫాంట్లలో ఎడమనుంచి చుట్టుకుని వస్తుంది, కొన్నింటిలో కింద కుడివైపు కూర్చుంటుంది. రెండూ ఒప్పే, కానీ ఒకే ఫాంటులో ఒక అక్షరానికి అలా, ఇంకో అక్షరానికి ఇలా ఉండకూడదు. మీ చుట్టుపక్కల పాఠ్యపుస్తకాల్లో ఏది ఎక్కువ కనబడుతుందో అదే పెట్టండి.

రెండేసి ఒత్తులు వచ్చే రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి లాంటివాటికి, రెండో ఒత్తుని మొదటిదాని కిందకి దింపకుండా కుడిపక్కన పెట్టడం మేలు. కిందకి దింపితే లైను లోతు పెరిగి కింది లైనులో గుడులతో గుద్దుకుంటుంది. పక్కన పెట్టాక ఆ అక్షరం అడ్వాన్స్ విడ్త్ (లైనులో దానికి దక్కే మొత్తం వెడల్పు) కూడా పెంచడం మర్చిపోకండి, లేకపోతే తర్వాతి అక్షరానికి ఒత్తు ఉంటే అవి రెండూ కొట్టుకుంటాయి. ఫాంట్ వర్టికల్ మెట్రిక్స్‌లో డిసెంట్ (అక్షరం కింద వదిలే లోతు) సరిపడా పెట్టకపోతే కొన్ని యాప్‌లు ఒత్తుల కాళ్ళు నరికేస్తాయి. ష్ట్రూ, స్త్రీ, క్ష్మీ, ద్ధ్యై టైప్ చేసి మీ అన్నిటికన్నా లోతైనదీ ఎత్తైనదీ కొలిచి, దానికి 40 యూనిట్లు కలిపి పెట్టండి.

స్టెప్ 6: ఖాళీలు

2016 స్టడీ చెప్పింది ఇదే కదా. ఖాళీని ఫాంట్ లోపలే పెట్టండి, యూజర్‌ని సెట్టింగుల్లో వెతుక్కోమనకండి, ఎందుకంటే లెటర్ స్పేసింగ్ బయటనుంచి పెంచితే కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్షరాన్నీ ఒత్తునీ కూడా విడదీసి పారేస్తాయి. అది చూస్తే ఏడుపొస్తుంది.

నేను చేసే పద్ధతి: ముందు రరరర, పపపప, కకకక లాంటి లైన్లు కొట్టి మామూలు ఫాంటులా సమంగా స్పేస్ చేసుకుంటా. తర్వాత ప్రతి అక్షరానికీ రెండు పక్కలా 25 యూనిట్లు కలుపుతా. అంటే అక్షరాల మధ్య 50 పెరిగింది. అప్పుడు మాట విడిపోయినట్టు అనిపిస్తుంది, మాటల మధ్య ఖాళీ కూడా పెంచకపోతే ఎక్కడ ఏ మాట అయిందో తెలియదు. స్పేస్ వెడల్పుని 250 నుంచి 380కి తీసుకెళ్ళా, నాకది కుదిరింది. బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ స్టైల్ గైడ్ మాటల మధ్య ఖాళీ అక్షరాల మధ్య ఖాళీకి కనీసం 3.5 రెట్లు ఉండాలంటుంది, లాటిన్ కోసం చెప్పినా ఆ నిష్పత్తి మనకీ మంచి మొదలు. తెలుగులో మాటలు పొడుగు, వెళ్ళిపోవాల్సివచ్చిందంటున్నారు అనేది ఒకే మాట, కాబట్టి మరీ అతి చేస్తే లైనుకి మూడు మాటలే పడతాయి, కన్ను లైన్లు మారడంతోనే అలిసిపోతుంది. వేరియబుల్ ఫాంట్ (వాడేవాళ్ళే కొలతలు జరుపుకోగలిగే ఫాంట్) చేయడం వస్తే స్పేసింగ్‌కి ఒక యాక్సిస్ పెట్టండి, ఎవరికి ఎంత కావాలో వాళ్ళే జరుపుకుంటారు. ఒకరికి హాయిగా ఉన్నది ఇంకొకరికి చెల్లాచెదురుగా ఉంటుంది.

స్టెప్ 7: బోల్డ్, వాలు

బోల్డ్ విడిగా గీయండి, లేదా ఇవ్వకండి. సాఫ్ట్‌వేర్ దొంగబోల్డ్ చేస్తే ఠలో చుక్క, పలో సందు రెండూ పూడుకుపోతాయి. వాలు అక్షరాలు తెలుగులో సంప్రదాయం కాదు, ఇవ్వొద్దు. ఏదైనా నొక్కి చెప్పాలంటే బోల్డే.

స్టెప్ 8: పేజీ మీద పెట్టడం

ఇది ఫాంట్ డిజైన్ కాదనుకుంటారు, కానీ ఇది లేకుండా ఫాంట్ ఇవ్వడం సగం పని. ఫాంటుతో పాటు ఒక శాంపిల్ పేజీ కూడా ఇవ్వండి, సైజు, లైన్ స్పేసింగ్ అన్నీ సెట్ చేసి.

ఇంగ్లీషుకి 12 నుంచి 14 పాయింట్లు అని గైడ్లు చెప్తాయి. తెలుగులో అదే చతురస్రంలో పైన గుడికీ కింద ఒత్తుకీ కూడా చోటు కావాలి కాబట్టి అసలు అక్షరం చిన్నదవుతుంది, అదే 12 పాయింట్లు మనకి 10 లా కనబడతాయి. ప్రింటుకి 16 నుంచి 18, స్క్రీన్ మీద 20 పిక్సెళ్ళు, ఇక్కడ మొదలెట్టండి. ఎడమవైపు అలైన్ చేయండి, రెండువైపులా సమం చేసే జస్టిఫై వద్దేవద్దు, మాటల మధ్య గుంటలు పడతాయి. తెల్లటి తెలుపు బదులు లేత క్రీమ్ రంగు బ్యాక్‌గ్రౌండ్ కొందరికి హాయి.

లైన్ల మధ్య ఖాళీ గురించి మాత్రం ఆగి చెప్పాలి. వెబ్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ 2.1లో, యూజర్ అక్షరాల సైజుతో పోలిస్తే లైన్ ఎత్తు 1.5 రెట్లు, అక్షరాల మధ్య 0.12, మాటల మధ్య 0.16 రెట్లు పెంచుకున్నా పేజీ చెడిపోకూడదని ఉంది. నేను కూడా 1.5 పెట్టి సరిపోయిందనుకున్నా. తర్వాత మా అక్క కొడుకు చదువుతుంటే చూశా, వేలు పెట్టి చదువుతున్నాడు, అందరు పిల్లల్లాగే మాట కింద వేలు. తెలుగులో మాట కింద ఏముంటుంది? ఒత్తులు. వాడి వేలి కింద ఒత్తులన్నీ దాక్కున్నాయి! పువ్వు అని ఉన్నదాన్ని పువు అంటున్నాడు, అమ్మని అమ అంటున్నాడు, నేనేమో ఒత్తు ఆకారం తప్పు గీశాననుకుని వారం రోజులు దాంతో కుస్తీ పట్టా. లైన్ ఎత్తు 1.8 చేసి, వేలు ఇంకొంచెం కిందకి పెట్టమంటే ఆ రకం తప్పులు చాలా తగ్గాయి. ఇంకా మంచిది, వేలికి బదులు ఒక అట్టముక్క ఇచ్చి దాన్ని లైను పైన పెట్టుకుని చదవమనడం, చదివేసిన లైన్లు మూసుకుపోతాయి, ఒత్తులు తెరిచే ఉంటాయి.

స్టెప్ 9: టెస్టింగ్

"నచ్చిందా?" అని అడిగితే అందరూ నచ్చిందనే అంటారు, అదీ మీరు మావయ్య అయితే మరీను. నచ్చడం వేరు, తప్పులు తగ్గడం వేరు. 2018లో డచ్ పిల్లల మీద వచ్చిన స్టడీలో డిస్లెక్సీ ఫాంట్ వల్ల వేగం, కచ్చితత్వం రెండూ ఏరియల్ కన్నా మెరుగవలేదు, అయినా అలాంటి ఫాంట్లని ఇష్టంగా వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇష్టం కూడా చిన్న విషయం కాదు, పుస్తకం తెరిచేది ఇష్టం ఉంటేనే. కానీ రెండూ విడివిడిగా రాసుకోండి.

మీ ఫాంటుని ఒక మామూలు ఫాంటుతో పోల్చండి. రెండిట్లోనూ ర ఎత్తు ఒకటే ఉండేలా సైజు సరిచేయండి, పాయింట్ సైజు నమ్మొద్దు. ఒకసారి మామూలు ఫాంటుని దాని ఖాళీలతో, ఇంకోసారి మీ ఫాంటుకున్నంత ఖాళీతో పెట్టండి. అప్పుడే మీరు గీసిన ఆకారాల వల్ల ఏమైనా ఒరిగిందా లేక ఖాళీ వల్లేనా తెలుస్తుంది. ఒకే స్థాయి పాఠాలు మూడు తీసుకుని ఏ పాఠం ఏ ఫాంటులో, ఏది ముందు అన్నది ఒక్కొక్కరికీ మార్చండి, లేకపోతే అలసటని ఫాంట్ లెక్కలో వేస్తారు. పాఠంతో పాటు విడి మాటల లిస్టు కూడా ఉండాలి, అందులో మీ పొరపాటు జంటలు, కొన్ని అర్థం లేని మాటలు (వపను, ధదిమ లాంటివి), ఎందుకంటే కథలో అర్థాన్ని బట్టి ఊహించేస్తారు, అర్థం లేని మాటలో ఊహించలేరు. ఏ ఫాంట్ మీరు చేసిందో చెప్పకండి. పిల్లలైతే ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, ఒక్కోసారి పదిహేను నిమిషాలకి మించకుండా చేయండి, వాడు ఇంక వద్దంటే వదిలేయండి.

తప్పుల లెక్క కన్నా ఏ తప్పు అన్నది ముఖ్యం. ప-వ తప్పులు తగ్గి దీర్ఘాల తప్పులు అలాగే ఉంటే స్టెప్ 4కి వెళ్ళాలని తెలుస్తుంది. ఆరుగురితో చేసిన టెస్టుకి శాతాలు లెక్కేసి పోస్టర్ మీద వేయకండి.

స్టెప్ 10: విడుదల చేశాక

ఒకసారి మనుషులు చదవడం మొదలెట్టాక అక్షరాల ఆకారాలు ఊరికే మార్చకండి. బగ్గులు దిద్దండి, గుద్దుకునే ఒత్తులు జరపండి, అంతే. నేను మూడో అప్‌డేట్‌లో ష లోపలి గీతని కొంచెం సాగదీసి, అందంగా ఉందని మురిసిపోయా. రెండ్రోజుల తర్వాత మా వాడు ఫోన్ చేసి "మావయ్యా, ష పాడైపోయింది" అన్నాడు. పాతది తిరిగి పెట్టేశా. కొత్తదే కావాలనిపిస్తే ఇంకో పేరుతో వేరే ఫాంటుగా ఇవ్వండి, పాతదాని డౌన్‌లోడ్ లింకు అలాగే ఉంచండి.